తక్కువ ఖర్చులో టిల్ట్-షిఫ్ట్ లెన్స్: నెల్లూరులో గోపురాలు, మేడలు తీసేవాళ్లకు దూరం కొలవడం నుంచి మొదటి ఫొటో దాకా

"అన్నా, గాలిగోపురం ఫొటో తీస్తే వెనక్కి పడిపోతున్నట్టు వస్తోంది. మీది నిటారుగా ఎలా వస్తోంది? ఏ లెన్స్ కొనాలి?" వారానికి ఒకరైనా ఈ మాట అడుగుతున్నారు. పనోరమా కోసం అడిగేవాళ్లూ ఉన్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం మర్చిపోతారు కాబట్టి మొత్తం ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. లెన్స్ పేరు తర్వాత చూద్దాం. మొదట చేయాల్సింది టేపు పట్టుకుని దూరం కొలవడం. ఈ వరస తిరగేసినవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు.

1. అసలు మీకు షిఫ్ట్ లెన్స్ కావాలా?

కెమెరా పైకెత్తితే లోపలి సెన్సర్ (ఫొటో పడే పలక) వెనక్కి వాలుతుంది. అందుకే గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి. రసమట్టం పెట్టినట్టు కెమెరాను సమంగా ఉంచితే గోడలు నిటారుగానే వస్తాయి. కానీ ఫ్రేములో సగం రోడ్డే ఉంటుంది, గోపురం పైభాగం తెగిపోతుంది. షిఫ్ట్ లెన్స్ చేసే పని ఒక్కటే: కెమెరాను కదపకుండా లెన్సును మాత్రం పైకి జరిపి రోడ్డు తగ్గిస్తుంది, ఆకాశం పెంచుతుంది.

ఇదే పని చాలావరకు మామూలు వైడ్ లెన్సుతోనూ అవుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (సెన్సర్ పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉండేది) 14 ఎం.ఎం. లెన్స్ (ఎం.ఎం. అంకె తగ్గేకొద్దీ ఎక్కువ మేర పడుతుంది) పెట్టి, కెమెరాను నిలువుగా, సమంగా పట్టుకుని తీసి, కింద వచ్చిన రోడ్డును కత్తిరించేయండి. 24 ఎం.ఎం. లెన్సును పూర్తిగా 12 ఎం.ఎం. షిఫ్ట్ చేస్తే ఎంత ఎత్తు కనిపిస్తుందో, ఇక్కడా దాదాపు అంతే కనిపిస్తుంది. నష్టం పిక్సెళ్లలో ఉంటుంది. 24 ఎం.ఎం. ఫ్రేమంత ముక్కను 14 ఎం.ఎం. ఫొటోలోంచి తీస్తే మూడో వంతే మిగులుతుంది. అంటే 24 మెగాపిక్సెల్ కెమెరాలో దాదాపు 8 మెగాపిక్సెళ్లు. వాట్సాప్‌కు, వెబ్‌సైట్‌కు అది బాగా సరిపోతుంది. ఆర్కిటెక్టు ఆఫీసు గోడకు పెట్టే పెద్ద ప్రింటుకు చాలదు.

ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేరులో ట్రాన్స్‌ఫామ్ వాడి నిటారు చేయడం ఇంకో దారి. పైభాగాన్ని సాగదీస్తుంది కాబట్టి అక్కడ వివరం పలచబడుతుంది, రెండు పక్కలా అంచులు తెగుతాయి. ఆ దారిలో వెళ్లేవాళ్లు తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలాలి.

కొనాలా వద్దా తేల్చుకోవడానికి:

- నెలకు రెండు మూడుసార్లైనా కట్టడాలు తీస్తున్నారా?
- పెద్ద ప్రింట్లు, బ్రోచర్లు అడిగే కస్టమర్లు ఉన్నారా?
- ట్రైపాడ్ వేసి, ఒక్క ఫొటోకు పది నిమిషాలు కేటాయించే ఓపిక ఉందా?

మూడింటికీ అవును అంటేనే ముందుకు వెళ్లండి. మూడో ప్రశ్న దగ్గర తడబడితే ఇప్పుడే ఆగిపోండి. ఓపిక లేకపోతే ఈ లెన్స్ బీరువాలోనే ఉండిపోతుంది.

2. షిఫ్ట్ వేరు, టిల్ట్ వేరు

షిఫ్ట్ అంటే లెన్స్ పక్కకో పైకో జరగడం. టిల్ట్ అంటే లెన్స్ వంగడం. టిల్టుతో ఫోకస్ ఉండే తలాన్ని వాలుగా పరచవచ్చు, లేదా ఊరంతా బొమ్మల కొలువులా కనిపించే ఫొటోలు తీయవచ్చు.

కట్టడాలకు టిల్ట్ అవసరం చాలా అరుదు. ఒక లెక్క చూడండి. 24 ఎం.ఎం. లెన్స్ నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. కాళ్ల దగ్గరి నేల నుంచి దూరం దాకా ఫోకస్ పరచడానికి కావాల్సిన టిల్ట్ ఒక్క డిగ్రీ కన్నా తక్కువ. అపర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11 పెట్టి చిన్నది చేస్తే టిల్ట్ లేకుండానే చాలావరకు పని జరుగుతుంది. కాబట్టి బడ్జెట్ తక్కువైతే షిఫ్ట్ మాత్రమే ఉన్న లెన్స్ కొనడం లోటేమీ కాదు. టిల్ట్ మాత్రమే ఉండి షిఫ్ట్ లేని చవక లెన్సులు కూడా మార్కెట్లో ఉన్నాయి. పేరు చూసి మోసపోవద్దు, గోపురానికి అవి పనికిరావు.

3. దూరం కొలిచి ఎం.ఎం. తేల్చుకోండి

మీరు ఎక్కువగా తీసే మూడు చోట్లకు వెళ్లండి. నిలబడగలిగే చివరి చోటు నుంచి కట్టడం దాకా అడుగులు కొలవండి. కట్టడం ఎత్తులోంచి కెమెరా ఎత్తు, అంటే సుమారు 5 అడుగులు, తీసేయండి. మిగిలినదాన్ని దూరంతో భాగించండి. వచ్చిన అంకె కింది అంకెల్లో దేనికి లోబడి ఉంటే ఆ లెన్స్ సరిపోతుంది. ఇవన్నీ ఫుల్ ఫ్రేమ్ కెమెరా నిలువుగా పెట్టి, పూర్తి షిఫ్ట్ ఇస్తే వచ్చేవి:

- 35 ఎం.ఎం., 11 షిఫ్ట్: 0.83
- 28 ఎం.ఎం., 11 షిఫ్ట్: 1.04
- 24 ఎం.ఎం., 12 షిఫ్ట్: 1.25
- 17 ఎం.ఎం., 12 షిఫ్ట్: 1.76
- 15 ఎం.ఎం., 11 షిఫ్ట్: 1.93

రంగనాయకులపేటలో రంగనాథస్వామి గుడి గాలిగోపురం తీసుకుందాం. ఎత్తు సుమారు 70 అడుగులని చెబుతారు. కెమెరా ఎత్తు పోను 65. ఈ 65 అడుగులు పట్టాలంటే 35 ఎం.ఎం.కు 78 అడుగుల దూరం కావాలి, 28కి 63, 24కి 52, 17కి 37. వీటికి పదో వంతు కలుపుకోండి. కలశాలు ఫ్రేము అంచుకు తగిలితే ఫొటో ఇరుకుగా ఉంటుంది. ఇంకో సంగతి, గోపురానికి మందం ఉంటుంది. కలశాలు గుమ్మం పైన కాకుండా కొంచెం వెనక, గోపురం మధ్యలో ఉంటాయి. దూరం అక్కడిదాకా లెక్కేయాలి.

ఇప్పుడు అపార్ట్‌మెంటు. మాగుంట లేఅవుట్ లాంటి చోట 60 అడుగుల భవనం, ముందు 30 అడుగుల రోడ్డు అనుకోండి. ఎదురు గోడకు వీపు ఆనించి నిలబడితే దూరం సుమారు 33 అడుగులు. 55ను 33తో భాగిస్తే 1.67. ఇక్కడ 24 ఎం.ఎం. చాలదు, 17 కావాలి. 17 ఎం.ఎం. లెన్స్ ఖరీదు వింటే గుండె ఆగుతుంది!

దీనికి పైసా ఖర్చులేని మందు ఉంది. ఎదురింటివాళ్లను అడిగి మూడో అంతస్తు ఎక్కండి. కెమెరా 30 అడుగుల ఎత్తుకు వెళ్తే పైకి 30, కిందికి 30 మాత్రమే పట్టాలి. 24 ఎం.ఎం. లెన్సుతో ఒకసారి పైకి షిఫ్ట్ చేసి, ఒకసారి కిందికి షిఫ్ట్ చేసి రెండు ఫొటోలు తీసి కలిపితే భవనం మొత్తం వచ్చేస్తుంది. చేతిలో ఒక స్వీట్ ప్యాకెట్ పెట్టుకుని వెళ్తే కాదనే ఇల్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా వాడేవాళ్లకు 24 ఎం.ఎం., 12 షిఫ్ట్ లెన్స్ ఇచ్చే అంకె 0.99 మాత్రమే. అదే లెన్స్, కానీ ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

4. చవక నుంచి పైకి: ఏవేం దొరుకుతాయి

ధరలు నెలనెలా మారతాయి, విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ తోడవుతుంది. అందుకే రూపాయల్లో రాయకుండా తక్కువ నుంచి ఎక్కువకు వరస పెడుతున్నాను.

పాత లెన్స్, షిఫ్ట్ అడాప్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే, జరిగే రింగు). క్రాప్ సెన్సర్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ఉన్నవాళ్లకు అన్నిటికన్నా తక్కువ ఖర్చు ఇదే. ఫిల్మ్ కాలపు మామూలు 20 లేదా 24 ఎం.ఎం. లెన్స్ ఫుల్ ఫ్రేముకు సరిపడా వెలుగు వలయం పరుస్తుంది. మీ సెన్సర్ అంతకన్నా చిన్నది. ఆ మిగులులోనే జరుపుకోవచ్చు: కెమెరా నిలువుగా ఉంటే సుమారు 8 ఎం.ఎం., అడ్డంగా ఉంటే సుమారు 10. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు ఈ కిటుకు పనిచేయదు, మూలలు నల్లబడతాయి.

ఆస్ట్ర్‌హోరి 18 ఎం.ఎం. ఎఫ్/8. చిన్నది, చవకైనది. షిఫ్ట్ 6 ఎం.ఎం. మాత్రమే. అయినా 18 వైడ్ కాబట్టి అంకె 1.33 వస్తుంది. వ్యూలో చీకటిగా ఉంటుంది, సాయంత్రం ఫోకస్ చేయడం కష్టం.

ఫిల్మ్ కాలపు షిఫ్ట్ లెన్సులు. నికాన్ పీసీ 35 ఎఫ్/2.8, నికాన్ పీసీ 28, పెంటాక్స్ షిఫ్ట్ 28 ఎఫ్/3.5, మినోల్టా షిఫ్ట్ 35, ఒలింపస్ షిఫ్ట్ 35. టిల్ట్ ఉండదు, ఆటోఫోకస్ ఉండదు, అపర్చర్ చేత్తో తిప్పాలి. లోపల కరెంటు సంగతే లేదు కాబట్టి ఎలక్ట్రానిక్స్ పాడయ్యే భయమూ లేదు. మామూలు అడాప్టరుతో ఏ మిర్రర్‌లెస్‌కైనా బిగుస్తాయి. నిలబడటానికి చోటున్న గుళ్లు, కాలేజీలు, కోట గోడలు తీసేవాళ్లకు నేను మొదట చెప్పేది 28 ఎం.ఎం.నే. 35 చవకగా దొరుకుతుంది కానీ మన వీధుల్లో వెనక్కి జరిగే చోటు ఉండదు.

సామ్యాంగ్ 24 ఎఫ్/3.5. షిఫ్ట్ 12 ఎం.ఎం., టిల్ట్ 8.5 డిగ్రీలు, రెండూ ఉన్నాయి. రోకినాన్ పేరుతో దొరికేదీ ఇదే. అపర్చర్ చేత్తోనే. లాక్ చేసే నాబ్‌లు చిన్నవి, వేళ్లకు సరిగా అందవు. పూర్తి షిఫ్టులో మూలలు మెత్తబడతాయి, ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్యే వాడాలి. ఒక పీసుకూ ఇంకో పీసుకూ తేడా కనిపిస్తుంది కాబట్టి పరీక్షించకుండా కొనకూడదు.

సెకండ్ హ్యాండ్ కానన్ 24, మొదటి వెర్షన్. 1991లో వచ్చింది. 2009లో రెండో వెర్షన్ వచ్చాక దీని ధర దిగింది. షిఫ్ట్ 11. పూర్తిగా జరిపితే అంచుల్లో రంగు గీతలు వస్తాయి, వాటిలో చాలావరకు సాఫ్ట్‌వేరులో పోతాయి. అపర్చర్ కెమెరా నుంచే నడుస్తుంది కాబట్టి కానన్ బాడీ (లెన్స్ లేని కెమెరా) ఉన్నవాళ్లకు హాయి. వేరే కంపెనీ బాడీకి అయితే ఎలక్ట్రానిక్ అడాప్టరే కొనాలి, ఆ ఖర్చు కూడా ముందే కలుపుకోండి.

లావోవా 20 ఎఫ్/4, 15 ఎఫ్/4.5 షిఫ్ట్. టిల్ట్ లేదు, షిఫ్ట్ 11. ఇరుకు వీధుల్లో పని చేసేవాళ్లకు ఈ 15 బాగా పనికొస్తుంది. చవక అనలేం. కానన్ 17తో పోలిస్తే మాత్రం తక్కువే.

వీటి పైన కానన్ 17, కానన్ 24 రెండో వెర్షన్, నికాన్ 19 ఉన్నాయి. అవి కొనకుండా చెన్నైలోనో హైదరాబాద్‌లోనో రోజు అద్దెకు తెచ్చుకోవడం మేలు. ఆ అద్దె కస్టమర్ బిల్లులోనే వేయండి.

5. సెకండ్ హ్యాండ్ లెన్స్ చేతిలోకి వచ్చాక

నా మొదటి 24 ఎం.ఎం.ను ఫొటోలు మాత్రమే చూసి, కొరియరులో తెప్పించుకున్నాను. అద్దం తళతళలాడుతోంది. ఇంటికొచ్చి హాలు గోడకు దినపత్రిక పేజీలు వరసగా అంటించి తీశాను. కుడివైపు పేజీలో చిన్న ప్రకటనల అక్షరాలు కూడా చదవగలుగుతున్నాను. ఎడమవైపు హెడ్డింగే మసక. టిల్ట్ స్కేలు సున్నా మీదే ఉంది. వేలితో లెన్సును కొంచెం నెట్టి చూస్తే సున్నా దగ్గర కూడా అటూ ఇటూ కదులుతోంది. ఎప్పుడో కింద పడిన లెన్స్ అది. అమ్మినతను ఫోన్ ఎత్తలేదు. రిపేరుకు అయిన ఖర్చుతో ఇంకో పాత 28 వచ్చేది.

అప్పటి నుంచి నా బాడీ, లాప్‌టాప్ సంచిలో వేసుకుని రైలెక్కి చెన్నై వెళ్లి, చూసుకునే కొంటున్నాను. చూడాల్సినవి:

- షిఫ్ట్ నాబ్ రెండు చివరల దాకా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తోందా?
- లెన్సును పైకి షిఫ్ట్ చేసి, లాక్ బిగించి, రెండు నిమిషాలు వదిలేయండి. బరువుకు కిందికి జారితే వద్దు.
- టిల్ట్ సున్నా దగ్గర లూజుగా కదులుతోందా? వేలితో నెట్టి చూడండి.
- ఇటుక గోడను సూటిగా, షిఫ్ట్ లేకుండా తీయండి. ఎడమ కుడి ఒకేలా ఉండాలి.
- కరెంటు అపర్చర్ ఉన్న లెన్స్ అయితే పూర్తి షిఫ్టులో, పూర్తి టిల్టులో, లెన్సును గుండ్రంగా తిప్పిన స్థితిలో కూడా ఎఫ్/11 పెట్టి తీయండి. లోపలి రిబ్బన్ కేబుల్ దెబ్బతింటే ఏదో ఒక మూలలో ఎర్రర్ వస్తుంది.
- ఫోన్ టార్చి వెనక నుంచి వేసి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్.
- మీ బాడీకి బిగించి నాబ్‌లు తిప్పండి. కొన్ని బాడీల ఫ్లాష్ బుడిపెకు నాబ్ తగులుతుంది.

6. మొదటి ఫొటో, వరస తప్పకుండా

1. ట్రైపాడ్ వేయండి. రోడ్డు మీద అయితే పక్కన ఒకరిని నిలబెట్టుకోండి, బైకులు ఆగవు. గుడి ఆవరణలో అయితే ముందే అనుమతి అడగండి.

2. షిఫ్ట్, టిల్ట్ రెండూ సున్నాకు తెచ్చి, టిల్ట్ లాక్ చేసేయండి.

3. కెమెరాలోని లెవెల్ ఆన్ చేసి రెండు దిక్కులా సమం చేయండి. ఇందులో అర డిగ్రీ తప్పినా తర్వాత చేసేదంతా తప్పుతుంది.

4. ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుతురు పడాలో) ఇప్పుడే, షిఫ్ట్ చేయకముందే చూసి మాన్యువల్‌లో పెట్టేయండి. ముఖ్యంగా డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉన్న కెమెరాలో) షిఫ్ట్ చేశాక మీటర్ తప్పు చెబుతుంది.

5. ఇప్పుడు లెన్సును పైకి జరపండి. కావాల్సినంతే జరపండి. కెమెరా అడ్డంగా ఉన్నప్పుడు 12 మొత్తం జరిపితే కంటి ఎత్తు గీత ఫ్రేము కింది అంచుకు వచ్చేస్తుంది, గుమ్మం మెట్లు తెగిపోతాయి.

6. షిఫ్ట్ లాక్ బిగించండి. లైవ్ వ్యూలో పెద్దది చేసి కలశం దగ్గర, గుమ్మం దగ్గర ఫోకస్ చూడండి. ఎఫ్/8 లేదా ఎఫ్/11.

7. రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి.

ఇక్కడ మన గోపురాలతో వచ్చే చిక్కు ఒకటుంది. గోపురం సహజంగానే పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కెమెరా కొంచెం వాలినా కన్ను పట్టుకోలేదు, "గోపురమే అలా ఉందిలే" అనుకుంటాం. అందుకే గోపురం వాలు చూసి నిర్ణయించకండి. అడుగున ద్వారబంధం రెండు నిలువు రాళ్లను చూడండి, ధ్వజస్తంభం కనిపిస్తే దాన్ని చూడండి, పక్కనున్న కరెంటు స్తంభాన్ని మాత్రం నమ్మకండి. మేస్త్రీ గుండు కట్టిన దారం వదిలి గోడ చూసినట్టే, గ్రిడ్ గీతను ఆ ద్వారబంధం పక్కన పెట్టి చూడండి.

7. షిఫ్టుతో పనోరమా

కెమెరా కదలదు, లెన్స్ మాత్రం ఎడమ, మధ్య, కుడి జరుగుతుంది. 24 ఎం.ఎం.తో 12 చొప్పున రెండు పక్కలకు జరిపితే 60 ఎం.ఎం. వెడల్పు సెన్సర్ ఉన్నట్టే. 24 మెగాపిక్సెల్ కెమెరాలో సుమారు 40 మెగాపిక్సెళ్ల ఫొటో, 102 డిగ్రీల పైన చూపు వస్తాయి. కెమెరా తిప్పి తీసే పనోరమాలో వంగిపోయే ప్రహరీ గోడ ఇందులో నిటారుగా, సూటిగా ఉంటుంది. కెమెరా నిలువుగా పెట్టి పక్కలకు జరిపితే సుమారు 48 మెగాపిక్సెళ్లతో 4:3 ఫ్రేము వస్తుంది. కాలేజీ భవనాలకు నాకు ఇదే ఇష్టం.

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ కట్టేసి పెట్టండి. ముందు వరసలో దగ్గరగా స్తంభమో తులసికోటో ఉంటే, లెన్స్ కుడికి ఎంత జరిగిందో కెమెరాను ఎడమకు అంత జరపండి. అప్పుడే అతుకు కనబడదు. దగ్గర్లో ఏమీ లేకపోతే అవసరం లేదు. కలపడానికి ఉచితంగా దొరికే హగిన్ సాఫ్ట్‌వేర్ చాలు.

మైపాడు బీచికో పెన్నా ఒడ్డుకో పనోరమా కావాలని ఈ లెన్స్ కొనేవాళ్లు ఆగండి. అక్కడ సూటి గోడలు లేవు. మామూలు 50 ఎం.ఎం.తో కెమెరా నిలువుగా పెట్టి, తిప్పుతూ ఏడెనిమిది తీసి కలిపితే అంతకన్నా పెద్ద ఫొటో వస్తుంది.

8. తరచూ జరిగే తప్పులు

*గోపురం పైభాగం సాగినట్టుంది, కలశాలు పొడుగైపోయాయి.* మరీ దగ్గర నిలబడి మొత్తం షిఫ్ట్ వాడేశారు. వెనక్కి జరిగి షిఫ్ట్ తగ్గించండి. చోటు లేకపోతే కెమెరాను ఒక డిగ్రీ పైకెత్తి షిఫ్ట్ కొంచెం తగ్గించండి. కొంచెం వాలు ఉంటేనే కంటికి సహజంగా ఉంటుంది.

*ఒక పక్క మసక.* టిల్ట్ సున్నా తప్పింది. సంచిలోంచి తీసినప్పుడు నాబ్ తిరిగి ఉంటుంది.

*పైమూలలు నల్లగా ఉన్నాయి.* షిఫ్ట్ ఎక్కువైంది, లేదా మందమైన ఫిల్టర్ తొడిగారు. ఫిల్టర్ తీసి మళ్లీ తీయండి.

*మూడు ఫొటోలు కలవడం లేదు.* మధ్యలో ట్రైపాడ్ కదిలింది. లెన్స్ తిప్పేటప్పుడు రెండో చేత్తో కెమెరా పట్టుకోవాలి.

9. మన తేమలో కాపాడుకోవడం

షిఫ్ట్ లెన్సుకు జరిగే పట్టాలు బయటికే ఉంటాయి. మైపాడు ఇసుక, ఉప్పుగాలి నేరుగా అందులోకే వెళ్తాయి. బీచికి తీసుకెళ్తే ఇంటికి రాగానే మెత్తని బ్రష్‌తో పట్టాలు దులిపి, పొడి గుడ్డతో తుడవండి. బిగుసుకుందని కుట్టుమిషన్ నూనె వేయకండి. ఎండకు పలచబడి అద్దాల మీదికి, అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది.

తోలు కేసులో పెట్టి బీరువాలో దాచితే వానాకాలం అయ్యేసరికి ఫంగస్ పట్టడం ఖాయం. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్ చాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరగగానే బాణలిలో సన్నని సెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడి చేసి, చల్లారాక డబ్బాలో వేయండి. ఆ బాణలి మళ్లీ వంటకు వాడకండి. వారానికోసారి లెన్స్ తీసి నాబ్‌లు రెండు చివరల దాకా తిప్పి, టిల్ట్ సున్నాకు తెచ్చి, లాక్ వేసి లోపల పెట్టండి.